వ్యాసం రాద్దాం – 4వ భాగం: మొదటి పేరా, చివరి పేరా

పోయిన భాగంలో ‘తెలంగాణలో చెరువుల పునరుద్ధరణ’ అనే అంశానికి మధ్యభాగం పాయింట్లు రాసుకున్నాం కదా, ఆ కాగితం దగ్గర పెట్టుకోండి. ఏం చెప్పబోతున్నామో తేలాకే మొదటి పేరా కుదురుతుంది. అందుకే ప్రారంభాన్ని ఇంతవరకూ ముట్టుకోలేదు.

గ్రూప్-1 మెయిన్స్‌కి సిద్ధమయ్యేవాళ్లు ఈ అంశాన్ని తరచూ ఇలా ఎత్తుకుంటారు:

“నీరు సకల ప్రాణికోటికి జీవనాధారం. ప్రాచీన నాగరికతలు నదీ తీరాల్లోనే వెలిశాయి.”

తప్పేమీ లేదు. కానీ ఈ రెండు వాక్యాలను పోలవరం వ్యాసానికి అతికించి చూడండి, నదుల కాలుష్యానికి అతికించి చూడండి. చక్కగా అతుకుతాయి. అంటే మన చెరువుల గురించి అవి ఇంకా ఏమీ చెప్పలేదు.

ఇప్పుడు ఇది చదవండి:

“గొలుసుకట్టు చెరువుల్లో పై చెరువు నిండి మత్తడి (అలుగు) దూకితే ఆ నీళ్లు కింది చెరువుకు చేరతాయి. కాకతీయుల కాలం నుంచి మన పల్లెల సేద్యం ఈ పద్ధతి మీదే నడిచింది. 2015లో మొదలైన మిషన్ కాకతీయ 46 వేలకు పైగా చెరువులను బాగుచేయాలని తలపెట్టింది. పూడిక తీస్తే చెరువు లోతవుతుంది. నీళ్లొచ్చే కాలువే మూసుకుపోతే మాత్రం ఆ లోతు నిండదు. కాబట్టి ఒక్కో చెరువునే కాదు, గొలుసు మొత్తాన్ని బాగుచేయాలి.”

ముందు కళ్లకు కట్టే దృశ్యం, తర్వాత సందర్భం, చివరి వాక్యంలో మీ వాదన. ఆ చివరి వాక్యం నాకు అన్నిటికంటే ముఖ్యం. దిద్దేవారికి మీరు ఎటు వెళ్తున్నారో అక్కడే తెలుస్తుంది.

ఇక ముగింపు. ‘ప్రభుత్వం, ప్రజలు కలిసి కృషి చేయాలి’ అని వదిలేయకండి. ఎవరు, ఏ పని చేయాలి? మొదటి పేరాలోని మత్తడి దగ్గరికే మళ్లీ వెళ్లండి, ఒక అడుగు ముందుకు వేసి:

“మత్తడి నుంచి కింది చెరువు దాకా కాలువను సర్వే చేసి హద్దురాళ్లు పాతాలి. తూము తెరిచే బాధ్యతను మళ్లీ పొలాలకు చెరువు నీళ్లు పంచే నీరటికి అప్పగించాలి. అప్పుడే పై ఊళ్లో మత్తడి దూకిన నీళ్లు కింది ఊరి పొలానికి చేరతాయి.”

నీరటి గురించి మధ్యభాగంలో రాశాం కాబట్టే ఇక్కడ వాడగలిగాం. చివర్లో కొత్త పాయింట్ ఎంత మంచిది తట్టినా వదిలేయండి.

తెలంగాణ గ్రూప్-1లో 3 గంటల్లో 3 వ్యాసాలు రాయాలి, ఒక్కొక్కటి సుమారు 1000 పదాలు. మూడో వ్యాసానికి వచ్చేసరికి టెన్షన్‌లో ముగింపు రెండు లైన్లకు కుంచించుకుపోతుంది. ప్రతి వ్యాసానికీ చివరి 7 నిమిషాలు దానికే ఉంచండి.

ఈ వారం అభ్యాసం: 1999లో మొదలైన రైతుబజార్లు రైతుకు ఎంతవరకు మేలు చేశాయి? పాయింట్లు, మొదటి పేరా, చివరి పేరా రాయండి. శీర్షిక మూసి, మొదటి పేరాను ఇంట్లో ఎవరికైనా వినిపించండి. అంశమేమిటో, మీ అభిప్రాయమేమిటో వాళ్లు చెప్పలేకపోతే, ఆ పేరా మళ్లీ రాయండి.