ఇంటి వైఫై పాఠాలు – 4: రూటర్ కొనే ముందు దాని వెనక వైపు చూడండి

పోయిన పాఠంలో ల్యాప్‌టాప్‌కి లాన్ కేబుల్ పెట్టి స్పీడ్ టెస్ట్ చేయమన్నాను. ఈసారి నేరుగా రూటర్ ఎంపికలోకి దిగుదామనుకున్నా గానీ, మీ జవాబులు చూశాక ముందు వాటి సంగతి తేల్చాల్సి వచ్చింది. బెంగళూరులో మారతహళ్లి నుంచి ఎలక్ట్రానిక్ సిటీ దాకా, 200 ఎంబీపీఎస్ (సెకనుకి మెగాబిట్లు) ప్లాను ఉన్నా 300 ప్లాను ఉన్నా చాలామందికి వచ్చిన అంకె ఒక్కటే: 94. కొందరైతే అప్పుడే నెట్ కంపెనీకి ఫోన్ చేసి గొడవ కూడా పెట్టుకున్నారట. కాస్త ఆగండి.

ఉదయం, సాయంత్రం ఎప్పుడు చూసినా 94 దగ్గరే ఆగుతోందంటే దారిలో ఎక్కడో 100 ఎంబీపీఎస్ లింకు ఉందని అనుమానించాలి. 100లో ఆ మిగతా ఐదారూ, డేటా మూటలకి (ప్యాకెట్లకి) అంటించే చిరునామాల్లాంటి హెడర్ల ఖర్చు. మీ ప్లానే 100 అయితే అంతా బాగున్నట్టే, ఈ గోల మీకు అక్కర్లేదు.

విండోస్‌లో సెట్టింగ్స్‌కి వెళ్లి ఈథర్‌నెట్ కింద లింక్ స్పీడ్ చూడండి. 1000 ఉంటే ల్యాప్‌టాప్ నుంచి రూటర్ దాకా సమస్య లేదు, రూటర్‌కీ, బయటి ఫైబర్ వచ్చి చేరే మోడెంకీ మధ్య వెతకాలి. 100 అని ఉంటే ముందు కేబుల్ మార్చి చూడండి. గిగాబిట్‌కి, అంటే 1000 ఎంబీపీఎస్‌కి, కేబుల్లోని ఎనిమిది తీగలూ కావాలి. 100కి నాలుగు చాలు. అందుకే కేబుల్ వేసే కొందరు కుర్రాళ్లు పని తొందరలో నాలుగే కనెక్టర్‌లో బిగించి (క్రింప్ చేసి) వెళ్లిపోతారు. చివరన ఉన్న పారదర్శక ప్లాస్టిక్ కనెక్టర్‌ని వెలుతురులో పెట్టి చూడండి. నారింజ, ఆకుపచ్చ జతలు ఉండి నీలం, గోధుమ రంగు జతలు లేకపోతే దొంగ దొరికినట్టే. కేబుల్ బాగుంటే తప్పు రూటర్ పోర్టుది, లేదా ల్యాప్‌టాప్‌కి లాన్ పోర్టు లేక మీరు వాడిన యూఎస్‌బీ అడాప్టర్‌ది. పాత అడాప్టర్లు చాలావరకు 100వే.

ఇప్పుడు నాకు ఒళ్లు మండే విషయం. డబ్బా మీద 1200 అని పెద్ద అక్షరాలతో ఉన్న రూటర్ కొని, 300 ప్లానుకి తగిలించి, 94 చూసి బిత్తరపోయినవాళ్లు మీలో చాలామందే ఉన్నారు. డబ్బా మీది ఆ ఏసీ1200 (ఏసీ అంటే వైఫై 5) అంటే ఏమిటో చూడండి. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండులో (రూటర్ వాడే రెండు రేడియో దారుల్లో ఒకటి) 300, 5 గిగాహెర్ట్జ్‌లో 867. రెండూ కూడితే 1167, దాన్ని సాగదీసి 1200 చేశారు. మామూలు ఫోను ఒకసారికి ఒక బ్యాండుకే కలుస్తుంది కాబట్టి ఈ కూడిక మీకు ఎందుకూ పనికిరాదు. 867 కూడా కాగితం మీది లెక్కే, పక్కనే కూర్చున్నా అందులో సగం పైచిలుకు వస్తే గొప్ప. వైఫై 6 రూటర్ల మీది ఏఎక్స్3000 కూడా అంతే, 2.4లో 574, 5లో 2402. ఆ 2402 రావాలంటే ఫోను కూడా 160 మెగాహెర్ట్జ్ వెడల్పున్న ఛానెల్ పట్టగలగాలి. చాలా ఫోన్లు 80 దగ్గరే ఆగి 1201తో సరిపెట్టుకుంటాయి. ఇంత హంగామా చేసి, వెనక మోడెం కేబుల్ పెట్టే వాన్ పోర్టు మాత్రం 100ది పెట్టిన మోడళ్లు ఇంకా అమ్ముతున్నారు. పైన పటారం, లోన లొటారం. ఎలక్ట్రానిక్స్ షాపులుండే ఎస్పీ రోడ్డులో షాపువాడు యాంటెన్నాలు లెక్కపెట్టి చూపిస్తుంటే మీరు డబ్బా తిప్పి స్పెసిఫికేషన్లు చదవండి. పోర్టుల దగ్గర 10/100/1000 అని ఉందా? ఒక్క 10/100 మాత్రమే ఉంటే తిరిగి ఇచ్చేయండి.

ఇక ఎంపిక. వైఫై 6, గిగాబిట్ పోర్టులు, చాలు. వైఫై 7కి ఇప్పుడే డబ్బు పోయను, మీ ఇష్టం. గేమింగ్ పేరుతో ఎర్ర లైట్లు వెలిగేవాటి జోలికి నేను పోను. సెటప్ చేయడం, పాస్‌వర్డ్ మార్చడం మీకు తెలిసిందే.

టూ బీహెచ్‌కేకి మధ్యలో పెట్టిన ఒక్క రూటర్ సరిపోతుంది. చిక్కల్లా ఆ మధ్యలో అన్న మాటతోనే. కొత్త అపార్ట్‌మెంట్లలో ఫైబర్‌ని తలుపు పక్కన కేబుళ్లు చేరే డీబీ బాక్సులోకి తెచ్చి వదిలేస్తారు. ఇనప రేకు పెట్టెలో రూటర్ పెట్టి మూత వేస్తే సిగ్నల్ బయటికి ఎలా వస్తుంది? మోడెంని అక్కడే ఉంచి, హాలులోకి కేబుల్ లాగి రూటర్‌ని బయట పెట్టండి. మోడెం వైఫై ఆపేసి బ్రిడ్జ్ మోడ్‌లో, అంటే రూటర్ పని మానేసి నెట్‌ని మీ రూటర్‌కి దాటించేలా, పెట్టమని కంపెనీవాళ్లనే అడగండి. కాంక్రీటు గోడల త్రీ బీహెచ్‌కే, డూప్లెక్స్ అయితే మెష్ (ఒకే నెట్‌వర్క్‌గా పనిచేసే యూనిట్ల సెట్) తీసుకోండి, వీలైతే రెండు యూనిట్ల మధ్య కేబుల్ వేయండి. గోడకి గుచ్చే ఎక్స్‌టెండర్ వద్దు. సిగ్నల్ గీతలు నిండుగా కనిపిస్తాయి, స్పీడు సగానికి పడిపోతుంది.

కరెంటు పోయినప్పటి కోసం మినీ యూపీఎస్ కొనేటప్పుడు అడాప్టర్ మీద వోల్టులు, ఆంపియర్లు రెండూ చూసి కొనండి. మోడెంకి కూడా కావాలి, రూటర్ ఒక్కటి వెలిగితే నెట్ రాదు.

అభ్యాసం: కొనకముందే చేయాలి. పది మీటర్ల కేబుల్ తెచ్చి, ఇప్పుడున్న రూటర్‌నే ఇంట్లో మూడు చోట్లకి మార్చండి. ప్రతి చోటా రెండేసి రోజులు ఉంచి, ఇరుగుపొరుగు అంతా నెట్ మీదుండే రాత్రి తొమ్మిది గంటలకి అన్ని గదుల్లో స్పీడు రాయండి. బాత్రూమ్, బాల్కనీ కూడా. 2.4కీ 5కీ వేర్వేరు పేర్లు పెట్టి, రెంటినీ విడివిడిగా కొలవండి. ఇంటి ప్లాను గీసి అంకెలు అందులోనే వేయండి. గోడలు ఇటుకవో కాంక్రీటువో కూడా రాసుకోండి. వచ్చే పాఠంలో ఛానెళ్లు, ఆ కాగితం లేకుండా రాకండి.