ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌ మీద వ్యాపారం కట్టడం ఎలా?

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌ అనే ఉచిత ప్రపంచ మ్యాప్‌ 2004లో మొదలైంది. వాలంటీర్లు పోగుచేసిన ఈ డేటాను ఎవరైనా ఉచితంగా తీసుకుని వ్యాపారానికి వాడుకోవచ్చు. కాబట్టి ఉత్త డేటా అమ్ముడుపోదు. డెలివరీ రూట్లు లెక్కగట్టడం, ఆగకుండా నడిచే సర్వర్‌, కస్టమర్‌ అడిగిన మార్పులు చేసిపెట్టడం: డబ్బులు వచ్చేది వీటికే.

ముందు లైసెన్స్‌ చదవండి. 2012 నుంచి ఇది ఓడీబీఎల్‌ (ఓపెన్‌ డేటాబేస్‌ లైసెన్స్‌) కింద ఉంది. మ్యాప్‌ మీదే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌ పేరు, కాపీరైట్‌ పేజీకి లింకు కనబడాలి. అసలు చిక్కు డేటా కలిపే చోట వస్తుంది. మీరు సేకరించిన రోడ్ల పేర్లతో ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌ రోడ్ల టేబుల్‌ను సరిదిద్ది బయటికిచ్చారనుకోండి, ఆ డేటాబేస్‌ను అదే లైసెన్స్‌ కింద అందరికీ ఇవ్వాల్సిందే. అందుకే మీ ధరలు, కస్టమర్ల వివరాలు మొదటి రోజు నుంచే విడి టేబుళ్లలో ఉంచండి. తర్వాత విడదీయడం నరకం.

ఉచిత పబ్లిక్‌ సర్వర్ల మీద ఆధారపడొద్దు. అవి విరాళాలతో నడుస్తాయి. వాడకం శ్రుతిమించితే చెప్పకుండానే ఆపేస్తారు. అడ్రసులు వెతికే పబ్లిక్‌ నామినాటిమ్‌కు సెకనుకు 1 రిక్వెస్టే పరిమితి. సొంత సర్వర్‌ పెట్టుకోండి: ఈ డేటాను ప్రాంతాలవారీగా ఇచ్చే జియోఫాబ్రిక్‌ సైటు నుంచి మీకు కావలసిన ప్రాంతం ఫైల్‌ మాత్రమే దించుకుని, ఓఎస్‌ఎం2పీజీఎస్‌క్యూఎల్‌ అనే టూల్‌తో పోస్ట్‌జీఐఎస్‌ అనే మ్యాప్‌ డేటాబేస్‌లోకి ఎక్కించండి. ప్రపంచం మొత్తం ఎక్కిస్తే వందల జీబీల ఎస్‌ఎస్‌డీ కావాలి, మొదట్లో అది దండగ.

కస్టమర్లు పట్టిచ్చిన తప్పులను, అక్కడికి వెళ్లి చూసి నిర్ధారించుకున్నాక, మూల మ్యాప్‌లోనే సరిదిద్దండి. మీ దగ్గరే దిద్దుకుంటే తర్వాతి అప్‌డేట్‌లో పాత తప్పు మళ్లీ వచ్చిపడుతుంది.