రోహిణి కార్తెకు ముందే: కాక్లియా నమూనాల జాగ్రత్తలు

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. మన ల్యాబులో అంతకంటే ముందు దెబ్బతినేది కాక్లియా నమూనాలే, అంటే గాజులా పారదర్శకం చేసి మైక్రోస్కోప్‌లో చూసే లోపలి చెవిలోని నత్తగుల్ల లాంటి భాగం. బెజవాడలోనో గుంటూరులోనో మే నెల మధ్యాహ్నం కరెంటు పోయి ఏసీ ఆగితే గది ఎంత వేడెక్కుతుందో తెలిసిందేగా. డైక్లోరోమీథేన్ (మెథనాల్ తర్వాత నమూనాలోని కొవ్వు తీసే ద్రావకం) మరిగేది 39.6 డిగ్రీలకే! మూత తీయగానే చిమ్ముతుంది. ఆ దశను పొద్దున్నే, ఆవిరిని బయటికి లాగే ఫ్యూమ్ హుడ్‌లోనే పెట్టుకోండి.

ఎలుక కాక్లియా తీయగానే దానికి ఆనుకుని ఉండే స్టేపిస్ అనే చిన్న ఎముక తొలగించి, రౌండ్ విండో (కాక్లియా అడుగున పొర కప్పిన చిన్న కిటికీ) పొరను, కాక్లియా కొసన ఎముకను సూదితో చిన్నగా పొడవాలి. కణజాలం చెడకుండా నిలిపి ఉంచే 4 శాతం పారాఫార్మాల్డిహైడ్‌ను రౌండ్ విండో దగ్గర మెల్లగా ఎక్కిస్తే కొసన ఉన్న రంధ్రంలోంచి బయటికి రావాలి. రాలేదంటే లోపలికి చేరనట్టే. ఎముక గుల్ల మూసి ఉంటే మందు ఇంకదు, ఈ వేడికి హెయిర్ సెల్స్ (శబ్దాన్ని పట్టే కణాలు) ముందే చెడతాయి. ఎక్కించాక బల్ల మీద వదలకుండా రాత్రంతా ఫ్రిజ్‌లో 4 డిగ్రీల వద్ద ఉంచండి. రోజుల తరబడి మాత్రం వద్దు, మైక్రోస్కోప్ కింద రంగు వేయకపోయినా కణజాలం తనంతట తానే మెరుస్తుంది.

తర్వాత ఎముకలోని కాల్షియం తీసి మెత్తబరిచే 10 శాతం ఈడీటీఏ, పీహెచ్ 7.4. సోడియం హైడ్రాక్సైడ్‌తో పీహెచ్ 8 దగ్గరకు తెస్తే గానీ పొడి కరగదు, కరిగాక 7.4కు దించుకోండి. రోజూ ద్రావణం మార్చాలి. పెద్ద ఎలుకకు మూడు నాలుగు రోజులు, ఫ్రిజ్‌లో అయితే ఇంకా ఎక్కువ పడుతుంది. తొందరపడి ఘాటైన ఆమ్లం వాడితే, తర్వాత రంగు వేయడానికి వాడే యాంటీబాడీలు అంటవు. గుల్ల లేత తాటిముంజెలా మెత్తబడి, వెలుతురు దిగేలా కావాలి. అడుగు మలుపులో ఒక్క తెల్లచుక్క మిగిలినా ఫొటోలో దాని వెనకంతా నల్లటి నీడ.

అసలు పీడ బుడగలు. ఫ్రిజ్‌లోంచి తీసిన బఫర్‌ను (పీహెచ్ మారకుండా ఉంచే ఉప్పునీటి ద్రావణం) వేడి గదిలో వెంటనే వాడితే, అందులో కరిగిన గాలి కాక్లియా లోపలే బుడగలు కడుతుంది. ముందు వాక్యూమ్‌లో గాలి తీసి, గది వేడికి రానిచ్చి వాడండి. నమూనాను ఒక్క క్షణం కూడా ద్రవం పైకి తేల్చొద్దు.

ఇక నమూనాలోని నీరు తీయడానికి మెథనాల్ 50, 80, 100, మళ్లీ 100 శాతం, ఒక్కోదాంట్లో గంట. కోస్తా ఉక్కకు తెరిచిన సీసా తేమ పీల్చుకుంటుంది; చివరి రెంటికీ కొత్త సీసానే తీయండి. నీటి జాడ మిగిలితే, చివరగా నమూనాను పారదర్శకం చేసే బెంజైల్ ఆల్కహాల్, బెంజైల్ బెంజోయేట్ 1:2 మిశ్రమంలో నమూనా పాలలా తెల్లబడుతుంది. ఆ మిశ్రమం పాలీస్టైరీన్ పళ్లాలను తినేస్తుంది, గాజు సీసాలే వాడాలి. మైక్రోస్కోప్ లెన్స్ ఆ మిశ్రమాన్ని తట్టుకుంటుందో లేదో ముందే చూసుకోండి. ఫాలాయిడిన్ (కణాల్లోని యాక్టిన్ అనే ప్రోటీన్ పోగులకు అంటేది) రంగు వేయాలంటే మెథనాల్ దారే వద్దు, ఆ రంగు పట్టదు. నీటి ఆధారిత క్లియరింగ్ (పారదర్శకం చేసే పద్ధతి) ఎంచుకోండి.