చెరువు కట్ట మీద నడక బాట: గీత గీసే ముందు చూడాల్సినవి

వరంగల్, హన్మకొండ, కాజీపేటల్లో పార్కుకు కొత్త జాగా దొరకడం కష్టం. చెరువులు మాత్రం ఉన్నాయి. భద్రకాళి, వడ్డేపల్లి లాంటి పెద్దవే కాదు, కాలనీల మధ్య మిగిలిన కుంటలూ నడక బాటకు పనికొస్తాయి. ఒక్కటి మరవొద్దు: కట్ట ఉన్నది నీళ్లు ఆపడానికి, నడక దాని తర్వాతే.

ముందు నీటిపారుదల శాఖ దగ్గర ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటి మట్టం) మ్యాపు, మత్తడి (నిండాక మిగులు నీళ్లు పొర్లిపోయే చోటు) మట్టం, తూముల (నీళ్లు వదిలే షట్టరు దారుల) జాడ తీసుకోవాలి. 2012 భవన నిబంధనల (జీవో 168) ప్రకారం 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్ల బఫర్ (చుట్టూ ఖాళీ జాగా) వదలాలి. అందులో కట్టడాలు కుదరవు, కాబట్టి మరుగుదొడ్లు, పార్కింగ్ షెడ్డు అవతలే పెట్టాలి. ఎండాకాలంలో ఎండిన శిఖం (చెరువు లోపలి నేల) చూసి బాట గీస్తే, చెరువు నిండగానే అది నీళ్లలో ఉంటుంది. హద్దురాళ్లు పాతాకే కొలతలు మొదలుపెట్టాలి.

కట్ట మీద బాట 2.5 నుంచి 3 మీటర్ల వెడల్పు చాలు. ఇద్దరు పక్కపక్కన నడుస్తుంటే ఎదురొచ్చేవాళ్లు తప్పుకోగలగాలి. 10 సెంటీమీటర్ల మొరం పరిచి, తడిపి, రోలర్‌తో దిమ్మిస కొట్టాలి. పైన పలుచగా రాతిపొడి వేయాలి. టైల్స్ వద్దు. మే నెలలో కాళ్లు కాలతాయి, అంతకన్నా పెద్ద నష్టం కట్ట కుంగినా, పగులు పడినా పైకి కనబడకపోవడం. వాలు మీటరుకు 2 సెంటీమీటర్ల చొప్పున చెరువు వైపే ఇవ్వాలి. అటు రాతి కట్టడం వాననీటిని తట్టుకుంటుంది. బయటి వైపు పారితే మట్టి కోసుకుపోయి గండికి దారి పడుతుంది. నీళ్లు బాగా కనబడాలని కట్ట ఎత్తు ఎక్కడా తగ్గించొద్దు.

ఎక్కువ తప్పులు మత్తడి దగ్గరే జరుగుతాయి. దాటడానికి సిమెంటు పైపులు వేసి పైన బాట పోస్తారు. మొదటి పెద్ద వానకు గుర్రపు డెక్క, ప్లాస్టిక్ సంచులు పైపులకు అడ్డం పడతాయి, నీళ్లు కట్ట మీదికి ఎక్కుతాయి. మన చెరువులు గొలుసుకట్టువి, పై చెరువు మత్తడి దుంకితే కింది చెరువు మీద పడుతుంది. 2020 ఆగస్టులో హన్మకొండ కాలనీలు ఎలా మునిగాయో అందరికీ తెలుసు. మత్తడి మొత్తం వెడల్పూ వదిలి, నడుమ స్తంభం లేకుండా ఇనుప నడకవంతెన వేయాలి. అంత ఖర్చు పెట్టలేకపోతే బాటను మత్తడికి రెండు వైపులా ఆపేయడమే మంచిది.

నీడ కావాలి, కానీ కట్ట మీద చెట్లు నాటొద్దు. చెట్టు చచ్చాక వేళ్లు కుళ్లి, ఆ బొరియల్లోంచి నీళ్లు ఊరతాయి. కట్ట వాలుకు గరిక చాలు. కట్ట అడుగు నుంచి కనీసం 5 మీటర్లు అవతల వేప, కానుగ, నేరేడు, తడి నేలలో తెల్లమద్ది 8 మీటర్లకొకటి పెట్టాలి. చెరువు చుట్టూ మిగిలిన బాటకు పడమటి పక్క నాటితే సాయంత్రం నడిచేవాళ్లకు నీడ దొరుకుతుంది. 150 మొక్కలకు ఎండాకాలంలో వారానికి రెండుసార్లు, ఒక్కోదానికి 20 లీటర్లంటే వారానికి మొత్తం 6,000 లీటర్లు. మూడు ఎండాకాలాలకు ట్యాంకరు డబ్బు ముందే ఎస్టిమేటులో రాయకపోతే మొదటి మేలోనే సగం పోతాయి.

బతుకమ్మ ఘాట్ బాటతో పాటే గీయాలి. బతుకమ్మను పట్టుకుని దిగేవాళ్లకు కాళ్ల కింద మెట్టు కనబడదు. అందుకే ప్రతి మెట్టూ ఒకే కొలత: 15 సెంటీమీటర్ల ఎత్తు, 45 వెడల్పు, గరుకు రాయి, చేతికి పట్టుకునే కమ్మీ. నీటి మట్టం ఏటా మారుతుంది కాబట్టి మెట్లు ఎఫ్‌టీఎల్ కిందికీ సాగాలి. పైన ఆడుకోవడానికి చదునైన జాగా వదలాలి, అక్కడ బెంచీలు, విగ్రహాలు పెట్టొద్దు. చేపలు పట్టేవాళ్ల తెప్పలకూ, బట్టల రేవుకూ దారి మూసేయకుండా చూడాలి.

దీపపు స్తంభాలు 4 మీటర్ల ఎత్తు, వెలుగు కిందికే పడాలి. వాటి గుంతలు కట్టలో తవ్వొద్దు.

ఏటా మే చివరికల్లా తూము షట్టరు తిప్పి చూడాలి, మత్తడి ముందు డెక్క తీయించాలి, బయటి వాలు మొత్తం నడిచి తడి మచ్చలు వెతకాలి. మచ్చ కనబడితే బాట మూసి వెంటనే ఇంజనీరుకు చెప్పాలి.