రైఫిల్ బ్యారెల్ ఎలా కొలవాలి: అమెరికాలో 16 అంగుళాల లెక్క

అమెరికా ఫెడరల్ చట్టంలో రైఫిల్ బ్యారెల్ (తూటా దూసుకెళ్లే గొట్టం) 16 అంగుళాలకు తగ్గినా, మొత్తం పొడవు 26 అంగుళాలకు తగ్గినా అది ‘షార్ట్ బ్యారెల్డ్ రైఫిల్’ అవుతుంది. షాట్‌గన్‌కైతే బ్యారెల్ 18 అంగుళాలుండాలి. రిజిస్టర్ చేయించకుండా అలాంటిది దగ్గరుంచుకుంటే పదేళ్ల దాకా జైలు. పావు అంగుళం తక్కువైనా అంతే. అందుకే పెట్టె మీది అంకె చూసి ఊరుకోకుండా మీరే కొలవండి.

హెచ్‌-1బీ, ఎఫ్‌-1 వీసాల మీదున్న మనవాళ్లు కొలత దాకా రాకముందే ఆగాలి: వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులుంటే తప్ప వాళ్లు తుపాకీ ముట్టుకోవడమే నేరం.

మ్యాగజైన్ (తూటాల పెట్టె) తీసేయండి. బోల్ట్ (బ్యారెల్ వెనక భాగాన్ని మూసే ముక్క) వెనక్కి లాగి, చాంబర్ (తూటా కూర్చునే చోటు) ఖాళీగా ఉందో లేదో కంటితో చూసి, వేలితోనూ తడమండి. తర్వాత బోల్ట్ మూసేయండి. కొలత మొదలయ్యేది మూసిన బోల్ట్ ముఖం నుంచే, చాంబర్ కూడా లెక్కలోకి వస్తుంది. సన్నటి గుండ్రటి చెక్కపుల్లను మజిల్ (బ్యారెల్ ముందు చివర) లోంచి బోల్ట్‌కు తగిలేదాకా దించి, మజిల్ అంచు దగ్గర పెన్సిల్‌తో గీత పెట్టి, బయటికి తీసి కొలవండి.

తప్పులు ఎక్కువగా మజిల్ దగ్గరే జరుగుతాయి. మర తిప్పి బిగించిన ఫ్లాష్ హైడర్‌ను (పేలినప్పటి మెరుపును తగ్గించే ముక్క) విప్పి కొలవాలి. దానికి పిన్ కొట్టి, పిన్ తల మీద వెల్డింగ్ చేయడం లాంటి పద్ధతిలో శాశ్వతంగా బిగిస్తేనే బ్యారెల్‌లో భాగం. 14.5 అంగుళాల బ్యారెల్‌కు 1.75 అంగుళాల ఎ2 రకం హైడర్ వెల్డ్ చేయిస్తే 16.25 వస్తుందనిపిస్తుంది. రాదు. మర మీదికి ఎక్కిన సుమారు 0.6 అంగుళం అప్పటికే బ్యారెల్ లెక్కలో ఉంది. వచ్చేది 15.65 మాత్రమే. పొడవాటి హైడర్ కావాలి.

మొత్తం పొడవును బ్యారెల్‌కు సమాంతరంగా, మజిల్ నుంచి స్టాక్ (భుజానికి ఆనించే భాగం) చివరిదాకా కొలవాలి. ఏటవాలుగా టేపు పెడితే ఎక్కువ చూపిస్తుంది.

పొట్టి రైఫిలే కావాలంటే ముందు ఏటీఎఫ్ (ఫెడరల్ ఆయుధాల నియంత్రణ సంస్థ) ఫారం 1 దరఖాస్తుకు ఆమోదం రావాలి, ఆ తర్వాతే తయారీ. 2026 జనవరి 1 నుంచి 200 డాలర్ల పన్ను సున్నా అయింది గానీ రిజిస్ట్రేషన్, వేలిముద్రలు పోలేదు. దాన్ని రాష్ట్రం దాటించాలన్నా ముందే అనుమతి తీసుకోవాలి.

మడిచే స్టాక్‌ను ఫెడరల్ లెక్కలో తెరిచి కొలుస్తారు. కాలిఫోర్నియాలో మడిచి కొలుస్తారు. అక్కడ సెంటర్‌ఫైర్ (తూటా అడుగు మధ్యలో కొడితే పేలే) సెమీ ఆటోమేటిక్ రైఫిల్ 30 అంగుళాలకు తగ్గితే ‘అసాల్ట్ వెపన్’ కింద లెక్క.