పాత రికార్డును తుడిచే ముందు

చెన్నై సెంట్రల్ స్టేషను పక్కనున్న మూర్ మార్కెట్టులో పాత గ్రామఫోన్ రికార్డులు కొనే తెలుగు మిత్రులకు ఒక మనవి. రంగస్థల పద్యాలు, కర్ణాటక కృతులు, హిందుస్తానీ ఖయాల్, జాజ్ వంటివి ఒకే దొంతరలో కలిసి దొరికినప్పుడు, ఇంటికి తెచ్చి శుభ్రపరిచే ముందు ఏ రికార్డు దేనితో తయారైందో తప్పక చూడండి. నిమిషానికి 78 చుట్లు తిరిగే రికార్డులు చాలావరకు లక్క కలిపి చేసినవి. లక్క ఆల్కహాలులో కరుగుతుంది కాబట్టి, 1948లో మొదటిసారి వచ్చిన వినైల్ (ఒక రకం ప్లాస్టిక్) ఎల్పీలకు, అంటే ఎక్కువసేపు పాడే రికార్డులకు, వాడే ఆల్కహాలు ద్రావణంతో వీటిని తుడిస్తే శబ్దం దాగి ఉండే సన్నని గాడులు దెబ్బతింటాయి, ఆ గొంతు ఇక తిరిగి రాదు. ఒక హరికథ రికార్డును నేను అలాగే పోగొట్టుకున్నాను, ఆ బాధ ఇప్పటికీ ఉంది. డిస్టిల్డ్ వాటర్‌లో ఒక్క చుక్క తేలికపాటి సబ్బు ద్రవం కలిపి, మెత్తని గుడ్డతో గాడి వెంబడే గుండ్రంగా తుడిచి, నడుమనున్న కాగితపు లేబులు తడవకుండా చూసుకుని, ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో మరోసారి తుడిచి, వెంటనే ఆరబెట్టండి. వినేటప్పుడు ఎల్పీ ముల్లు వాడకండి. 78 రికార్డుల గాడి వెడల్పు ఎక్కువ కనుక, అంగుళంలో వెయ్యో వంతుకు సుమారు మూడింతలుండే మొన గల ముల్లును విడిగా అడిగి కొనండి.