మీ ఊరి సంతాన రేటు మీరే లెక్కకట్టండి

ప్రకాశం, నెల్లూరు పల్లెల్లో ఇప్పుడు రెండు మాటలు వినబడుతున్నాయి. ఒకటి, పిల్లలు పుట్టడం తగ్గిపోయిందని. రెండోది, ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి వీల్లేదన్న నిబంధన ఎత్తేశారు కాబట్టి ఇక పెరుగుతారని. రెండింటికీ ఊరి స్థాయిలో రుజువు తీయవచ్చు. కావలసింది ఒక నోటు పుస్తకం, ఆశా కార్యకర్త, ఏఎన్‌ఎం (ఊరి ఆరోగ్య నర్సు)ల సహకారం, వారం పది రోజుల ఓపిక.

ముందుగా ఏది లెక్కించాలో తేల్చుకోండి. ఏడాది కాన్పులను జనాభాతో భాగించి వెయ్యితో హెచ్చిస్తే వచ్చేది ముడి జనన రేటు. తేలికే, కానీ మోసం చేస్తుంది. కనిగిరి, పామూరు వైపు పడుచు జంటలు హైదరాబాదు, బెంగళూరు వెళ్లిపోయి ముసలివాళ్లే మిగిలిన ఊళ్లో ఆ రేటు తక్కువే వస్తుంది. దాన్నిబట్టి అక్కడి ఆడవాళ్లు తక్కువమందిని కంటున్నారని చెప్పలేం. అందుకే మొత్తం సంతాన రేటు, అంటే టీఎఫ్‌ఆర్, తీయాలి. ఇప్పుడున్న వయసువారీ కాన్పుల తీరే కొనసాగితే ఒక స్త్రీకి సగటున ఎంతమంది పిల్లలు పుడతారో అది చెబుతుంది. తరం తరాన్ని భర్తీ చేయడానికి 2.1 కావాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21 ప్రకారం దేశానికి 2.0, ఆంధ్రప్రదేశ్‌కు 1.7.

పంచాయతీ జనన రిజిస్టరుతో మొదలుపెట్టకండి. అందరూ చేసే తప్పు ఇదే. జననం నమోదయ్యేది బిడ్డ పుట్టిన చోట, తల్లి కాపురం ఉన్న చోట కాదు. కాన్పులు ఒంగోలు, నెల్లూరు, కావలి ఆసుపత్రుల్లో అవుతుంటే మీ ఊరి రిజిస్టరు దాదాపు ఖాళీగానే ఉంటుంది. ఏఎన్‌ఎం దగ్గరుండే గర్భిణుల నమోదు, అర్హ దంపతుల (పిల్లలు కనే వయసులో ఉన్న జంటల) జాబితా, అంగన్‌వాడీ సర్వే పుస్తకం, ఈ మూడూ పక్కపక్కన పెట్టుకోండి. బడిలో ఒకటో తరగతి పిల్లల సంఖ్య మాత్రం దేనికీ పనికిరాదు. పొద్దున్నే ఊళ్లోకి వచ్చే ప్రైవేటు బడి వ్యాన్లు ఎందరిని ఎక్కించుకుపోతాయో అందులో ఉండదు.

ఇక అసలు చిక్కు పుట్టింటి కాన్పు. తొలిచూలుకు కూతురు మీ ఊరికి వస్తుంది, మీ కోడలు వాళ్ల ఊరికి వెళ్తుంది. నియమం ఒక్కటే పెట్టుకోండి: గత ఆరు నెలలుగా ఊళ్లో కాపురం ఉంటున్న స్త్రీయే మీ లెక్కలోకి వస్తుంది. ఆమె ఎక్కడ కన్నా ఆ బిడ్డ మీ ఊరి బిడ్డే. కాన్పుకు వచ్చిన కూతురి బిడ్డ మీ లెక్క కాదు. కాన్పుకు వెళ్లిన కోడలు పుట్టింట ఎన్నాళ్లున్నా మీ ఊరి మనిషే. చీమకుర్తి గ్రానైటు క్వారీలకు బయటి రాష్ట్రాల నుంచి వచ్చి ఉంటున్న కుటుంబాలకూ ఇదే నియమం. వాళ్లను వదిలేస్తే భాగహారంలో పైన వేసే కాన్పులకూ కింద వేసే ఆడవాళ్ల సంఖ్యకూ పొంతన తప్పుతుంది.

ఇప్పుడు 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలను, పెళ్లి కానివాళ్లతో సహా, అయిదేళ్ల చొప్పున ఏడు వరుసలుగా రాయండి. ప్రతి వరుసకూ గడిచిన మూడేళ్లలో సజీవంగా పుట్టిన పిల్లల సంఖ్య వేయండి. వయసు ఈ రోజుది కాదు, కాన్పు నాటిది. కవలలు పుడితే రెండు. పుట్టి పోయిన బిడ్డనూ లెక్కించాలి. ఇంటివాళ్లు ఆ మాట ఎత్తరు, కాబట్టి ఆశా కార్యకర్తను విడిగా అడగండి.

ఉదాహరణకు నాలుగు వేల జనాభా ఉన్న ఊరు అనుకుందాం (అంకెలు ఊహించినవే):

15–19: స్త్రీలు 150, మూడేళ్లలో కాన్పులు 9
20–24: 160, 72
25–29: 160, 48
30–34: 150, 18
35–39: 150, 3
40–44: 140, 0
45–49: 140, 0

ప్రతి వరుసలో కాన్పులను మూడుతో, ఆ వచ్చినదాన్ని స్త్రీల సంఖ్యతో భాగించండి. 0.020, 0.150, 0.100, 0.040, 0.007 వస్తాయి. చివరి రెండు సున్నాలు. మొత్తం 0.317. ఒక్కో వరుస అయిదేళ్లది కాబట్టి అయిదుతో హెచ్చిస్తే 1.585, అంటే సుమారు 1.6.

ఇందులో ఒక్క తప్పు ఎంత పని చేస్తుందో చూడండి. 20–24 వరుసలోని 160 మందిలో 40 మంది రేషన్ కార్డులో మాత్రమే ఉండి, మనుషులు హైదరాబాదులో ఉన్నారనుకోండి. వాళ్లకు ఈ కాన్పులతో సంబంధం లేకపోతే అసలు రేటు 24ను 120తో భాగించగా వచ్చే 0.200. మొత్తం 1.6 కాస్తా 1.8 అవుతుంది. అందుకే ఓటర్ల జాబితా చూసి ఆడవాళ్లను లెక్కపెట్టడం వద్దు, ఇల్లిల్లూ అడగాల్సిందే.

వయసుల్లోనూ కిటుకులున్నాయి. ఆధార్‌లో పుట్టిన తేదీ జనవరి 1 అని ఉంటే అది అంచనా వయసు కావచ్చు, పదో తరగతి సర్టిఫికెట్ ఉంటే అదే నమ్మండి. పద్దెనిమిది నిండకుండా తల్లి అయిన పిల్ల వయసును ఇంటివాళ్లు పెంచి చెప్పే అవకాశం ఉంది. పెళ్లయిన ఏడు, పెద్దబిడ్డ వయసు కలిపి అడిగితే తేలిపోతుంది.

ఏడాదికి 50 కాన్పులున్న ఊళ్లో వచ్చే ఏడు 58 అయితే పండగ చేసుకోనక్కర్లేదు. ఏ కారణమూ లేకుండానే 36 నుంచి 64 దాకా ఊగుతుంది. మూడేళ్లవి కలిపినా 150కి 24 అటూ ఇటూ ఉంటుంది, అంటే మన 1.6 నిజానికి 1.3 కావచ్చు, 1.8 కూడా కావచ్చు. నాలుగైదు ఊళ్లు కలిపి, వీలైతే మండలం మొత్తానికి చేస్తేనే నమ్మదగిన అంకె వస్తుంది. పాత జిల్లా అంకెలతో పోల్చేటప్పుడు 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారిన సంగతి మరవకండి. అద్దంకి, పర్చూరు, చీరాల అప్పుడు ప్రకాశం నుంచి బాపట్లకు పోయాయి. 2011 జనగణన ప్రకాశం, ఆ తర్వాతి ప్రకాశం ఒకటి కావు.

ఇక విధానం సంగతి. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులన్న నిబంధన 1994 పంచాయతీరాజ్ చట్టంలోనిది. 2024 నవంబరులో శాసనసభ దాన్ని తొలగించింది. తొమ్మిది నెలల లెక్కన చూసినా దాని ప్రభావం 2025 ఆగస్టుకు ముందు పుట్టిన ఏ బిడ్డ మీదా ఉండదు. అసలది పోటీ చేయదలచినవాళ్లకే తగిలే నిబంధన. ఊరి రేటును అంతకంటే గట్టిగా పట్టి ఉంచేది పిల్లలు పుట్టకుండా చేయించుకునే ఆపరేషన్. పైన చెప్పిన కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో పెళ్లయిన స్త్రీలలో 69.6 శాతం మంది ట్యూబెక్టమీ, అంటే ఆడవాళ్ల ఆపరేషన్, చేయించుకున్నవారే, మగవాళ్ల ఆపరేషన్ 0.4 శాతం. కాపర్ టీ, మాత్రలు, ‘అంతర’ అనే గర్భనిరోధక ఇంజెక్షన్ వాడేవాళ్లు మానేసి మళ్లీ కనగలరు, ఆపరేషన్ అయినవాళ్లకు ఆ దారి దాదాపు మూసుకున్నట్టే.

కాబట్టి మీ పట్టికలో మరో రెండు గడులు చేర్చండి: ఆపరేషన్ ఎన్నో కాన్పు తర్వాత, ఏ వయసులో. ఇవి ఏఎన్‌ఎం దగ్గరుండే అర్హ దంపతుల జాబితా నుంచి వయసువారీ మొత్తాలుగా మాత్రమే తీసుకోండి, పేర్లు అడగవద్దు. 20–29 ఏళ్లవాళ్లలో ఇద్దరు పిల్లలుండి ఆపరేషన్ కానివాళ్లు ఎందరున్నారో వాటి నుంచి తేలుతుంది. మూడో బిడ్డకు ప్రోత్సాహం ఇస్తామన్న ఏ పథకమైనా మీ ఊళ్లో కదిలించగలిగేది ముఖ్యంగా ఆ కొద్దిమందినే.